కారణం కాదు, క్యాలెండర్ చూడండి

"బోరు ఎండిపాయె. నిద్రెట్టా పడుద్ది?"

తర్లుపాడు దగ్గరో కొనకనమిట్ల దగ్గరో టీకొట్టు ముందు ఈ మాట వినబడితే పక్కనున్నవాళ్లు తలూపి ఊరుకుంటారు. అందులో ఇంకా అడగాల్సింది ఉందని ఎవరికీ తోచదు. పశ్చిమ ప్రకాశంలో ప్రతి బాధకూ ఒక కారణం సిద్ధంగా ఉంటుంది. కీళ్లు పట్టేస్తే ఫ్లోరైడ్ నీళ్లు. గుండెల మీద బండ పెట్టినట్టుంటే గ్యాస్. ఒంట్లో సత్తువ లేకపోతే రక్తం తక్కువ. కుర్రాడు గదిలోంచి బయటికి రాకపోతే ఉద్యోగం రాలేదన్న బెంగ. కొత్త కోడలు ఏడుస్తుంటే పుట్టింటి మీద ధ్యాస.

చిక్కేమిటంటే ఈ కారణాలు చాలావరకు నిజాలే. మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి వైపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఉన్న మాట నిజం. దానివల్ల ఎముకలు, కీళ్లు బిగుసుకుపోయేదీ నిజమే. వాన నమ్ముకోలేనిది. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం చూపు దశాబ్దాలుగా నల్లమల కొండలవైపే ఉంది. ఒకప్పుడు బడిపిల్లల చేతుల్లో పలకతో పేరు తెచ్చుకున్న మార్కాపురంలో, నోటుపుస్తకాలొచ్చి ఆ పని తగ్గాక ఎన్నో కుటుంబాలు వేరే బతుకుదెరువు వెతుక్కున్నాయి. ఇన్ని కారణాలున్నచోట మనిషి దిగులుగా ఉంటే ఆశ్చర్యమేముంది అనిపిస్తుంది. సరిగ్గా ఆ మాట చాటునే కుంగుబాటు జబ్బు నెలల తరబడి దాక్కుంటుంది.

కారణం కనిపించినంత మాత్రాన జబ్బు కాకుండా పోదు. కారణం కనిపించనంత మాత్రాన జబ్బు లేనట్టూ కాదు. హిందీ నటి దీపికా పదుకొణె సంగతే చూడండి. చేతినిండా సినిమాలు, పేరు ఉన్న 2014లోనే ఆమె తీవ్రమైన కుంగుబాటులో పడ్డారు. తనను చూడటానికి వచ్చిన తల్లి, ఈ ఏడుపు మామూలు ఏడుపులా లేదని పసిగట్టి డాక్టరు దగ్గరికి వెళ్లమన్నదని మరుసటి ఏడాది ఆమే బయటికి చెప్పారు. ఆ తల్లి లెక్కలోకి తీసుకున్నది కూతురికి ఏం తక్కువైందన్నది కాదు, ఏడుపు తీరు.

మానసిక వైద్యులు కూడా దాదాపు ఇదే చేస్తారు. ఎందుకొచ్చిందన్న ప్రశ్న తర్వాత. ముందు అడిగేవి ఇవి: ఎన్నాళ్ల నుంచి? రోజులో ఎంతసేపు? దీనివల్ల ఏ పని ఆగిపోయింది? ఎప్పుడైనా దీనికి పూర్తి విరుద్ధంగా, మరీ హుషారుగా గడిచిన రోజులున్నాయా?

రెండు వారాల గీత

దిగులు రోజంతా ఒకేలా ఉండదు. మనవరాలు సెలవులకొస్తే ముఖం వికసిస్తుంది. పక్కింటి పెళ్లిలో నలుగురితో కూర్చుంటే కాసేపు మరుపొస్తుంది. కుంగుబాటులో ఆ మరుపు రాదు. ఇష్టమైన గోంగూర పచ్చడి కూడా నోటికి సహించదు. మనవరాలు ఒళ్లో కూర్చున్నా ఏమీ అనిపించదు. 'ఏమీ అనిపించకపోవడమే' చాలామందికి ఏడుపుకన్నా పెద్ద గుర్తు.

దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువ సేపు, కనీసం రెండు వారాల పాటు మనసు కుంగి ఉండటం లేదా దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఈ జబ్బుకు మూలలక్షణాలు. వాటికి తోడు నిద్ర, ఆకలి, ఒంట్లో సత్తువ, ఏకాగ్రత చెడతాయి. కదలికలు, మాటలు నెమ్మదిస్తాయి, లేదంటే కుదురు లేకుండా తిరుగుతుంటారు. తాను ఎందుకూ పనికిరానని, ఇంటికి భారమని అనిపిస్తుంది. చావు ఆలోచనలు వస్తాయి. ఇలాంటివన్నీ కలిపి అయిదో అంతకన్నా ఎక్కువో కనబడి, రోజువారీ పని దెబ్బతింటే దాన్ని కుంగుబాటు జబ్బుగా పరిగణిస్తారు.

ప్రపంచమంతటా ఆస్పత్రుల్లో వాడే తొమ్మిది ప్రశ్నల పట్టిక ఒకటుంది. దానిలో మొదటి రెండూ ఇంట్లో ఎవరైనా అడగొచ్చు. గత రెండు వారాల్లో పనులు చేయాలన్న ఆసక్తి, సంతోషం తగ్గాయా? దిగులుగా, ఆశ లేనట్టుగా అనిపించిందా? రెంటిలో ఏ ఒక్కదానికైనా 'సగానికి పైగా రోజులు' అనో 'దాదాపు రోజూ' అనో జవాబొస్తే డాక్టరును కలవాలి. ఇది జబ్బును తేల్చే పరీక్ష కాదు. తలుపు తట్టాలో వద్దో చెప్పే పద్ధతి మాత్రమే.

మన దగ్గర ఈ జబ్బు 'నాకు దిగులుగా ఉంది' అంటూ రాదు. 'ఒళ్లంతా మంటలు', 'తల దిమ్ము', 'తిమ్మిర్లు', 'నరాల బలహీనత' అంటూ వస్తుంది. అందుకే మొదట వెళ్లేది ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికి. ఒక సెలైన్, రెండు బలం ఇంజెక్షన్లు, గ్యాస్ మాత్రలు. రెండు రోజులు కాస్త తేలికగా ఉంటుంది, మూడోనాటికి మళ్లీ మొదలు. మగవాళ్లలో అయితే ఇది చీటికిమాటికి విసుక్కోవడంగా, పెరిగిన తాగుడుగా కనిపిస్తుంది. 'తాగి పాడైపోయాడు' అనుకుంటారు. తాగకముందు మూడు నెలలు ఆయనకు నిద్ర లేదన్న సంగతి భార్యకు మాత్రమే తెలుసు.

చావు దుఃఖం వేరు. మనిషి పోయాక వచ్చే ఏడుపు అలల్లా వస్తుంది, పోతుంది. అలల మధ్య పోయినవాళ్ల కబుర్లు చెప్పుకుని నవ్వడమూ ఉంటుంది. పెద్దకర్మ, మాసికాలు, సంవత్సరీకం అంటూ మన ఆచారం దుఃఖానికి ఒక ఏడాది గడువు ఇచ్చింది. అమెరికా మానసిక వైద్యుల తాజా నిర్వచనంలోనూ పెద్దవాళ్లలో విడవని దుఃఖాన్ని జబ్బుగా చూడాలంటే కనీసం పన్నెండు నెలలు దాటాలి. అయితే ఆ ఏడాదిలోపే తిండి మానేసి, తనను తాను నిందించుకుంటూ, తానూ పోతానంటున్న మనిషి విషయంలో సంవత్సరీకం దాకా ఆగకూడదు.

హుషారు కూడా లక్షణమే

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. గిద్దలూరు పక్క పల్లెటూరి కుర్రాడు, బెంగళూరులో ఉద్యోగం. పోయినేడు నాలుగు నెలలు మంచం దిగలేదు, 'ప్రేమ విఫలమైందిలే' అనుకున్నారు. ఈ ఏడు పండక్కి వచ్చాడు, మనిషే మారిపోయాడు. గలగలా మాట్లాడుతున్నాడు, ఒక మాట పూర్తి కాకముందే ఇంకో మాట. రాత్రి మూడు గంటలే నిద్ర, అయినా అలుపు లేదు. మార్కాపురం రాళ్లు విదేశాలకు ఎగుమతి చేస్తానని తండ్రి చేత పొలం కాగితాలు బయటికి తీయించాడు. ఊళ్లోవాళ్లకు విందు ఇచ్చాడు. వద్దన్న మేనమామ మీద చెయ్యెత్తాడు. తల్లి మొదటి వారం సంతోషించింది, బిడ్డ కోలుకున్నాడని.

ఇది కోలుకోవడం కాదు. బైపోలార్ అనే జబ్బులో రెండో కొస. మనసు కొన్నాళ్లు పాతాళానికి జారి, కొన్నాళ్లు హద్దు దాటి ఎగురుతుంది. నడుమ నెలలు, ఏళ్ల పాటు మామూలుగానే ఉండొచ్చు. ఎగిసిన దశ వారమో అంతకు పైనో ఉండి బతుకును తలకిందులు చేస్తే దాన్ని మేనియా అంటారు. ఇంతకన్నా తేలికపాటిది, కనీసం నాలుగు రోజులుండేది హైపోమేనియా. ఆ రెండోది చాలామందికి జబ్బులా కనిపించనే కనిపించదు. 'ఎంత చురుకు, ఎంత తెలివి' అని మెచ్చుకుంటారు కూడా.

ఇంట్లోవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన తేడా నిద్రలో ఉంది. దిగులున్న మనిషి నిద్ర రాక దొర్లుతాడు, తెల్లారి నీరసపడతాడు. మేనియాలో ఉన్న మనిషికి నిద్ర అవసరమే అనిపించదు. మూడు గంటలు పడుకుని, పది గంటలు పడుకున్నవాడిలా లేస్తాడు.

అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం ఆచార్యురాలు కే రెడ్‌ఫీల్డ్ జేమిసన్ ఈ జబ్బు మీదే పరిశోధన చేసిన మనస్తత్వవేత్త. తనకే ఈ జబ్బు ఉందని 1995లో ఆత్మకథ రాసి చెప్పారు. మేనియా ఊపులో ఆమె చేసిన కొనుగోళ్లలో పాముకాటు మందు పెట్టెల కుప్ప కూడా ఉంది. ఆ క్షణాన ఆమెకు అది ఎంతో ముఖ్యమైన పనిగా తోచింది. చదువు, తెలివి ఈ జబ్బును ఆపలేవనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు.

మూడో రకం చాలా నెమ్మదిది. రెండేళ్లు, అంతకు మించి ఒక సన్నని దిగులు మనిషిని వదలదు. పనికి వెళ్తాడు, పెళ్లిళ్లకు వెళ్తాడు, ఎక్కడా వెలుగు ఉండదు. 'వాడి స్వభావమే అంత' అని ఊరు ముద్ర వేస్తుంది. దీన్ని డిస్థీమియా అంటారు. దీనికీ చికిత్స ఉంది.

తేడా తెలియకపోతే ఏమవుతుంది?

బైపోలార్ ఉన్నవాళ్లలో చాలామంది డాక్టరు ముందుకు మొదటిసారి వచ్చేది కుంగిన దశలోనే. హుషారుగా ఉన్నప్పుడు ఆస్పత్రికి ఎవరు పోతారు? డాక్టరు కుంగుబాటు చూసి ఆ ఒక్కదానికే మాత్ర రాస్తే, కొందరిలో మనసు ఒక్కసారిగా రెండో కొసకు ఎగిరిపోతుంది. అందుకే 'ఎప్పుడైనా మరీ హుషారుగా ఉన్నావా?' అన్న ప్రశ్నకు ఇంట్లోవాళ్లు ఇచ్చే జవాబు మందు చీటీనే మార్చేస్తుంది. తల్లి, అక్క, భార్య, ఎవరో ఒకరు రోగితో పాటు లోపలికి వెళ్లాలనేది అందుకే.

కుంగుబాటు మందులు తలనొప్పి మాత్రలా పూటలో పనిచేయవు. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, కొందరికి ఇంకొంచెం ఎక్కువ. 'వారం మింగాను, ఏం లాభం లేదు' అని మానేసేవాళ్లు మందు పని మొదలుపెట్టకముందే మానేస్తున్నారు. నెమ్మదించాక కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు కొనసాగించమంటారు. తేలికపాటి కుంగుబాటుకు మందు లేకుండా మాటల చికిత్సే సరిపోవచ్చు.

బైపోలార్‌కు వాడే మందుల్లో లిథియం చాలా పాతది. ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ 1949లో దాని గుణం బయటపెట్టారు. ఇది ఒక రకం లవణం. పనిచేసే మోతాదుకూ, విషమయ్యే మోతాదుకూ దూరం తక్కువ. అందుకే రక్తంలో దాని మట్టం, కిడ్నీల పని, థైరాయిడ్ చూసుకుంటూ ఇస్తారు. పశ్చిమ ప్రకాశంలో ఈ మందు వాడేవాళ్లు ఇంకో రెండు సంగతులు తెలుసుకోవాలి. ఎండాకాలం చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. కీళ్లనొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటి మాత్రలు కూడా దాన్ని పెంచుతాయి. మే నెల ఎండలో పని, రాత్రికి నొప్పి మాత్ర అలవాటైన మనిషి ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. కిడ్నీ జబ్బుల మాట తరచూ వినబడే ఊరి మనిషైతే అదీ చెప్పాలి. చేతులు బాగా వణకడం, వాంతులు, నడకలో తూలుడు వస్తే మాత్ర ఆపి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

ఇంకా కొన్ని జబ్బులు కుంగుబాటు వేషం వేస్తాయి. థైరాయిడ్ తగ్గితే మందకొడితనం, దిగులు. రక్తహీనతలో నీరసం. వయసు మళ్లినవాళ్లలో మతిమరుపు జబ్బు మొదలయ్యేటప్పుడూ ముభావం వస్తుంది. కొన్ని రక్తపరీక్షలతో వీటిలో చాలావాటిని తేల్చవచ్చు. అందుకే మొదటి మెట్టు మానసిక వైద్యుడే కానక్కర్లేదు. మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అయినా చాలు.

పురిటి మంచం దగ్గర

కాన్పైన మూడో నాలుగో రోజున బాలింతకు ఊరికే ఏడుపొస్తుంది. చాలామందికి వస్తుంది, రెండు వారాల్లోపు పోతుంది. రెండు వారాలు దాటినా ఏడుపు తగ్గక, బిడ్డను చూస్తే ఏమీ అనిపించక, తాను తల్లిగా పనికిరానని అంటుంటే అది కాన్పు తర్వాత వచ్చే కుంగుబాటు. పాలిచ్చే తల్లులు వాడదగిన మందులున్నాయి.

మూడోది అరుదు, కానీ భయంకరం. కాన్పైన కొద్ది రోజుల్లోనే నిద్ర పూర్తిగా పోయి, పొంతన లేని మాటలు, లేని గొంతులు వినబడటం, బిడ్డ గురించి వింత నమ్మకాలు. ఊళ్లలో దీన్నే 'గాలి సోకింది' అంటారు. ఇది గంటల్లో ఆస్పత్రికి చేర్చాల్సిన అత్యవసర పరిస్థితి. బిడ్డతో ఆమెను ఒంటరిగా వదలకూడదు. ఇలా వచ్చినవాళ్లలో కొందరికి అంతకుముందే బైపోలార్ ఉండొచ్చు, లేదా తర్వాత బయటపడొచ్చు.

తాయెత్తు కట్టించడం, గుడిలోనో దర్గాలోనో చర్చిలోనో నిద్ర చేయించడం ఎవరి నమ్మకం వాళ్లది. దాంతో పాటు ఆస్పత్రి ఉండాలి, దాని బదులు కాదు. గొలుసు మాత్రం ఎక్కడా ఉండకూడదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో మంటలు లేచినప్పుడు, దర్గా దగ్గరి ఒక ఆశ్రమంలో గొలుసులతో కట్టేసిన మానసిక రోగులు పారిపోలేక 28 మంది చనిపోయారు. మానసిక రోగిని ఏ రూపంలోనైనా గొలుసుతో బంధించడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

ఎక్కడికి వెళ్లాలి?

బెంగళూరు నిమ్హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో దాదాపు ఇరవై మందికి ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకసారి కుంగుబాటు జబ్బున పడ్డవాళ్లే. బైపోలార్ ఉన్న పదిమందిలో ఏడుగురికి చికిత్స అందడం లేదని అప్పుడు తేలింది. సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో తెలుగు రాష్ట్రాలు లేవు. కానీ మార్కాపురం బస్టాండులో నిలబడితే చికిత్స ఎందుకు అందదో సగం అర్థమవుతుంది. ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, జనం ఇప్పటికీ ఆ ఆస్పత్రిని రిమ్స్ అనే అంటారు. అక్కడికి మార్కాపురం నుంచి సుమారు 100 కిలోమీటర్లు. గిద్దలూరు నుంచైతే ఇంకా దూరం. అటువైపువాళ్లు నల్లమల దాటి నంద్యాల, కర్నూలు వెళ్లడమూ, రైలెక్కి గుంటూరు వెళ్లడమూ మామూలే. కూలి పోగొట్టుకుని, తోడు మనిషిని తీసుకుని, నెలకోసారి ఇంత దూరం ఎవరు తిరుగుతారు?

ఈ ప్రశ్నకు ఒక జవాబు పొరుగు రాష్ట్రంలోని బళ్లారిలో దొరికింది. 1980ల్లో నిమ్హాన్స్ వైద్యులు ఆ జిల్లాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, సిబ్బందికి శిక్షణ ఇచ్చి, మానసిక జబ్బులను అక్కడికక్కడే గుర్తించి మందులిచ్చే పద్ధతి నడిపి చూపించారు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. కాబట్టి పీహెచ్‌సీకి వెళ్లి 'నాకు నిద్ర, మనసు బాగాలేవు' అని సూటిగా అడగడం రోగి హక్కు. ఆశా కార్యకర్తను అడిగినా దారి చెబుతుంది.

రెండోది ఫోను. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీమానస్ నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. మొదట శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే మానసిక వైద్యుడికి కలుపుతారు. రోగే చేయాలని లేదు, 'మా అన్న ఇలా ఉన్నాడు, ఏం చేయాలి?' అని ఇంట్లోవాళ్లూ చేయొచ్చు.

కొన్ని గుర్తులు కనబడితే రెండు వారాల లెక్క పనికిరాదు. చావు మాటలెత్తడం, అప్పగింతలు పెట్టినట్టు వస్తువులు పంచడం, తిండీ నీళ్లూ మానేయడం, లేని గొంతులు వినబడటం, రోజుల తరబడి నిద్ర లేని ఊపు. ఆ పూటే బయల్దేరాలి. 108కి ఫోన్ చేయాలి. మనిషిని ఒంటరిగా వదలకూడదు. ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలు ఆ రోజే వేరే ఇంటికి చేరాలి, లేదా తాళం పడాలి. శ్రీలంక అతి ప్రమాదకరమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించుకుంటూ పోయాక, 1995 నాటితో పోలిస్తే అక్కడ ఆత్మహత్యల రేటు రెండు దశాబ్దాల్లో 70 శాతం దాకా పడిపోయింది. చావాలన్న ఊపు చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది. ఆ కాసేపు చేతికి ఏమీ అందకపోతే మనిషి దక్కుతాడు.

'అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందేమో' అని భయపడేవాళ్లు ఎక్కువ. అలా జరగదు. "ఏందన్నా, బతకబుద్ధి కావట్లేదా?" అని పక్కన కూర్చుని అడిగితే చాలామంది తేలికపడతారు. ఆ మాట అడిగే మనిషి కోసమే ఎదురుచూస్తున్నవాళ్లుంటారు.

పోలీసు కేసు భయంతో ఆత్మహత్యాయత్నాన్ని 'పొరపాటున తాగాడు' అని దాచే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడని భావించాలే తప్ప శిక్షించకూడదని 2017 చట్టంలోని 115వ సెక్షన్ చెబుతోంది. నిజం చెబితేనే డాక్టరు దెబ్బతిన్న ఒంటితో పాటు దాని వెనక ఉన్న జబ్బునూ చూడగలడు.

గోడ మీద లెక్క

డాక్టరు గదిలో దొరికే సమయం తక్కువ. 'ఎప్పట్నుంచి?' అంటే 'చానా రోజులైంది సార్' అనే జవాబు ఎవరికీ ఉపయోగపడదు. దీనికి ప్రతి ఇంట్లో ఒక సాధనం వేలాడుతూనే ఉంటుంది. తిథి, నక్షత్రం, రాహుకాలం ఉన్న తెలుగు క్యాలెండర్. పాలు రాని రోజున సున్నా చుట్టేది, గ్యాస్ బండ మార్చిన తేదీ రాసేది దాని మీదే. అదే గడిలో ఒక మూలన రాత్రి నిద్రపోయిన గంటలు, ఇంకో మూలన ఆ రోజు మనసు ఎలా ఉందో సున్నా నుంచి పది దాకా ఒక అంకె వేయాలి. మందు మొదలుపెట్టిన రోజున ఒక గీత. తాగిన రోజున ఒక చుక్క. రోగి రాయలేకపోతే భార్యో తల్లో రాస్తుంది.

ఆరు వారాలకు ఒంగోలు బస్సెక్కేటప్పుడు ఆ కాగితాలు చింపి మడిచి సంచిలో పెట్టుకుంటే చాలు. డాక్టరు బల్ల మీద విప్పితే మొదటి పేజీలో నిద్ర నాలుగు, మూడు, నాలుగు, మనసు రెండు, రెండు, ఒకటి. రెండో పేజీ మధ్యలో నిద్ర మూడే ఉండి మనసు తొమ్మిదికి ఎగిసిన అయిదు గడులు. ఆ అయిదు గడుల దగ్గర డాక్టరు వేలు ఆగుతుంది. "ఈ రోజుల్లో ఏం జరిగిందమ్మా?" అని తల్లివైపు తిరుగుతారు.